గాలికి లేని పథ్యం

ఉబ్బసం ఉన్న పిల్లల తిండికి సవాలక్ష నియమాలున్న ఇళ్లలో, వీధుల్లో, బడుల్లో, వాళ్లు పీల్చే గాలికి మాత్రం ఒక్క నియమమూ లేదు

చలికాలపు సాయంత్రం ఆరు దాటగానే సగటు తెలుగింట్లో జరిగే పనులకు దాదాపు ఒక వరస ఉంటుంది. దోమలు చొరబడకముందే కిటికీ తలుపులు బిగుసుకుంటాయి. దేవుడి గూట్లో దీపం పక్కన అగరువత్తులు వెలుగుతాయి. మంచం కింద పళ్లెంలో మస్కిటో కాయిల్ అంటుకుంటుంది. వంటగదిలో కాగిన నూనెలో ఎండుమిరపకాయలు పడి, ఆ తాలింపు ఘాటుకు ఇంటిల్లిపాదీ ఒకసారి దగ్గుతారు. మూసిన గదుల్లో చేరిన ఆ పొగ బయటికి పోయే దారి లేక అక్కడే నిలుస్తుంది, ఆ గదుల్లోనే పిల్లలు హోమ్‌వర్కు చేసుకుని, అక్కడే పడుకుంటారు. తెల్లవారుజామున, ఉబ్బసం ఉన్నవారిలో శ్వాసనాళాలు సహజంగానే మరింత ఇరుకయ్యే వేళకు, పిల్లికూతలు మొదలవుతాయి. పొద్దున్నే ఇంట్లో పెద్దలు అడిగే మొదటి ప్రశ్న, ఎవరి ఇల్లయినా, ఒకటే: నిన్న ఏం తిన్నాడు?

పెరుగు, అరటిపండు, జామకాయ, సీతాఫలం, చల్లని నీళ్లు, ఐస్‌క్రీమ్ అంటూ సాగే పథ్యాల జాబితా తెలుగునాట ప్రతి తల్లికీ కంఠస్థమే. కొందరు పిల్లలకు కొన్ని పదార్థాలు పడకపోవడం నిజమే అయినా, ఎక్కువమంది పిల్లల్లో ఆయాసాన్ని రేపేవి జలుబు తెచ్చే వైరస్‌లు, ఇంటి దుమ్ములోని అతిసూక్ష్మ కీటకాలు, పుప్పొడి, పొగ, ధూళి అని వైద్యశాస్త్రం ఏనాడో తేల్చింది. రోజుకు మూడుసార్లు తినేదాని మీద ఇంత పట్టింపు ఉండి, రోజుకు ఇరవై వేలకు పైగా సార్లు పీల్చేదాని మీద ఆ పట్టింపులో పదో వంతైనా లేకపోవడమే ఈ వ్యాధి చరిత్రలో అన్నిటికన్నా విచారకరమైన సంగతి.

ప్రతి శీతకాలం ఢిల్లీ గాలి వార్తలకెక్కుతుంది, బడులకు సెలవులిస్తారు, కొన్నాళ్లు అందరూ గాలి నాణ్యత సూచీ అంకెలు వల్లిస్తారు. ఆ చర్చ వల్ల జరిగిన మేలు కొంత ఉన్నా, వాయు కాలుష్యం అంటే ఉత్తరాది ఊళ్ల బెడద అనీ, బయటి గాలికి మాత్రమే సంబంధించినదనీ దక్షిణాదిలో ఒక భరోసా పాతుకుపోయింది. ఆ భరోసాలోని రెండు భాగాలూ తప్పే.

సన్నని నాళం, పెద్ద ఆకలి

ఉబ్బసం అంటే శ్వాసనాళాల లోపలి పొర ఎప్పుడూ కొంత వాచి ఉండి, చిన్న కారణానికే చిరచిరలాడే స్థితి. పొగో ధూళో తగిలినప్పుడు మూడు పనులు ఒకేసారి జరుగుతాయి: నాళం చుట్టూ ఉన్న కండరం బిగుస్తుంది, లోపలి పొర మరింత ఉబ్బుతుంది, చిక్కటి తెమడ ఊరి మిగిలిన దారిని మూసేస్తుంది. ఇరుకైన ఆ సందులోంచి గాలి బయటికి వచ్చేటప్పుడు వినిపించే ఈలవంటి చప్పుడునే జనం పిల్లికూతలంటారు. ఆ కూతలు వినిపించినంతసేపూ గాలి కొంతైనా కదులుతున్నట్టు. తీవ్రమైన ఆయాసంలో ఉన్న బిడ్డ ఛాతీ హఠాత్తుగా నిశ్శబ్దమైతే అది నెమ్మదించడం కాదు, అత్యంత ప్రమాదకరమైన సూచన.

పెద్దవాళ్లకు గొంతు గరగరతో పోయే పొగ పిల్లలను ఆసుపత్రి దాకా తీసుకువెళ్లడానికి కారణం వాళ్ల శరీర నిర్మాణంలోనే ఉంది. నాళంలో గాలి ప్రవహించే తీరును లెక్కగట్టే భౌతిక సూత్రం ప్రకారం, నాళపు వ్యాసార్థం సగానికి తగ్గితే గాలికి ఎదురయ్యే అడ్డంకి రెండింతలు కాదు, పదహారింతలు అవుతుంది. కనుక పుట్టుకతోనే సన్నగా ఉన్న పసివాళ్ల శ్వాసనాళాలలో పిసరంత వాపు వచ్చినా అది పెద్ద మూతే. దానికి తోడు, ఒంటి బరువుతో పోల్చి చూస్తే పిల్లలు పెద్దలకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు. పెద్దవాళ్లు కుదురుగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటే, అయిదేళ్ల పిల్లలు పాతిక దాకా తీసుకుంటారు. పరుగెత్తేటప్పుడు, ముక్కు దిబ్బడ వేసినప్పుడు నోటితో పీలుస్తారు కనుక ముక్కులోని వడపోత కూడా వాళ్లకు దక్కదు. ఊపిరితిత్తులు యౌవనం దాకా ఎదుగుతూనే ఉంటాయి కాబట్టి బాల్యంలో తగిలిన దెబ్బ ఆ ఎదుగుదలనే కుదిస్తుంది, ఆ లోటు పెద్దయ్యాక పూర్తిగా పూడకపోవచ్చు.

గాలిలోని ధూళిని శాస్త్రజ్ఞులు కణాల పరిమాణాన్ని బట్టి విభజిస్తారు. పది మైక్రాన్లు, అంతకన్నా తక్కువ వ్యాసమున్న కణాలు పీఎం 10. రెండున్నర మైక్రాన్లు, అంతకన్నా చిన్నవి పీఎం 2.5. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాను అంటారు. తలవెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లుంటుంది కనుక దానిలో ఇరవయ్యో వంతో ముప్ఫయ్యో వంతో ఉండే ఈ రెండో రకం కణాలు ముక్కు వెంట్రుకలనూ గొంతు జిగటనూ దాటుకుని ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా చేరతాయి. కంటికి కనిపించి, తుడిస్తే గుడ్డకు అంటుకునే దుమ్మును చూసి మనుషులు భయపడతారు. అసలు హాని కనిపించని దాని వల్లే ఎక్కువ.

ఇంటి పొగకు ఇన్ని పేర్లు

కట్టెల పొయ్యి కథ తెలుగు పల్లెలలో పాతదే అయినా దానిని అంకెలతో కొలిచినది మాత్రం ఇటీవలి కాలంలోనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాలలో, సుమారు 420 పల్లె ఇళ్లలో, చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్య కళాశాలకు చెందిన కల్పనా బాలకృష్ణన్, ఆమె సహచరులు ఇరవై నాలుగు గంటలపాటు పరికరాలుంచి గాలిని పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. ఊపిరితిత్తుల లోపలికి చేరగల ధూళి సగటున గ్యాసుతో వండే ఇళ్లలో ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములుంటే, కట్టెలు, పిడకల వంటివి వాడే ఇళ్లలో 732 దాకా ఉంది. అంటే పదింతలు. బడికి పోయే వయసు రాని పిల్లలు పగలంతా తల్లి కొంగు పట్టుకుని పొయ్యి దగ్గరే తిరుగుతారు కనుక, ఆ పొగలో పెద్ద వాటా, వండుతున్న స్త్రీ తరువాత, వాళ్లదే.

1999లో మొదలైన దీపం పథకం వల్ల గ్యాసు పొయ్యి తెలుగు పల్లెలకు చాలా రాష్ట్రాలకన్నా ముందే చేరింది, 2016లో వచ్చిన ఉజ్జ్వల పథకం దానికి తోడైంది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం శుభ్రమైన వంట ఇంధనం వాడే ఇళ్లు దేశం మొత్తం మీద 59 శాతం లోపే ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 84 శాతం, తెలంగాణలో సుమారు 92 శాతం ఉన్నాయి. ఇది గర్వపడవలసిన మార్పే. అయితే సర్వేలు అడిగే ప్రశ్న ప్రధానంగా దేనితో వండుతారన్నది. సిలిండరు ఆదా చేసుకోవడానికి పెరట్లో మూడు రాళ్ల పొయ్యి స్నానాల నీళ్ల కోసం ఇంకా ఎన్నో ఇళ్లలో పొద్దుటే రాజుకుంటుంది, చలికాలంలో ఆ పొయ్యి చుట్టూ చేరి చలికాచుకునేది పిల్లలే. ఎండుటాకులతోపాటు ప్లాస్టిక్ కవర్లు, పాత చెప్పులు కూడా అందులోకే పోతే ఆ పొగ మామూలు కట్టెల పొగకన్నా విషపూరితమవుతుంది.

గ్యాసు పొయ్యి కూడా పూర్తిగా నిర్దోషి కాదు. ఆ మంట వేడికి గాలిలోని నత్రజని ఆమ్లజనితో కలిసి నైట్రోజన్ డయాక్సైడ్ అనే వాయువుగా మారుతుంది. ఇది శ్వాసనాళపు పొరను రేపి, ఉబ్బసం ఉన్న పిల్లలను వైరస్‌లకు మరింత లోకువ చేస్తుంది. కాబట్టి కిటికీ లేని వంటగది, పొగ లాగే ఫ్యాను లేని అపార్ట్‌మెంటు ఈ విషయంలో పల్లెటూరి పంచలో ఉన్న పొయ్యికన్నా మెరుగని చెప్పలేము.

పసిబిడ్డకు తలంటిపోసి సాంబ్రాణి ధూపం వేయడం తెలుగింటి ముచ్చట్లలో ఒకటి. తడి జుట్టు ఆరాలని, జలుబు చేయకూడదని, దిష్టి తగలకూడదని నానమ్మలు ప్రేమతో చేసే ఆ పని వెనుక ఉన్న అక్కరను ఎవరూ తప్పుపట్టలేరు. కానీ నిప్పుల మీద చల్లిన సాంబ్రాణి నుంచి లేచే తెల్లని పొగ కూడా సూక్ష్మ కణాల ముద్దే, అది పుట్టి నెలైనా నిండని ఊపిరితిత్తులలోకి నేరుగా పోతోంది. ఉబ్బసం, ఎలర్జీలు వంశంలో ఉన్న ఇళ్లలో ఈ ఆచారాన్ని మెత్తని పొడి తువ్వాలుతో సరిపెట్టమని పిల్లల వైద్యులు చెప్పవలసి ఉంది. చెప్పే వైద్యులు ఉన్నా, వినే నానమ్మకు మనసు కష్టపడకుండా చెప్పడం అన్నిటికన్నా కష్టమైన పని.

చుట్ట, బీడీ, సిగరెట్టు సంగతి ఎక్కువగా వివరించనక్కరలేదు. అయితే వరండాలో కాల్చి లోపలికి వస్తే చాలునన్న నమ్మకం సరైనది కాదు: పొగ కాల్చినవారి బట్టలకూ, జుట్టుకూ, పరుపులకూ అంటుకున్న అవశేషాలు గంటల తరబడి గదిలోకి తిరిగి విడుదలవుతూనే ఉంటాయి. ఉత్తర కోస్తాలో కొందరు స్త్రీలు నిప్పు ఉన్న కొసను నోటిలోపల ఉంచుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు నోటి క్యాన్సర్ల కారణంగా వైద్య గ్రంథాలకెక్కింది గానీ, ఆ స్త్రీల ఒడిలో పెరిగే మనవల ఊపిరి గురించి ఆలోచించినవారు తక్కువ.

> ఒక కాయిల్, ఎన్ని సిగరెట్లు?
>
> దోమల కాయిళ్ల పొగను పరీక్షించి 2003లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, ఒక కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే పీఎం 2.5 ధూళి 75 నుంచి 137 సిగరెట్ల నుంచి వచ్చే ధూళికి సమానం. దోమలను పారదోలేది అందులో ఉన్న కొద్దిపాటి పైరెత్రాయిడ్ రసాయనం. మిగిలినదంతా నెమ్మదిగా కాలే పొట్టు, పిండి, బంక. డెంగీ, మలేరియా ఉన్న చోట దోమలను భరించమని ఎవరూ చెప్పలేరు కనుక, ఉబ్బసం ఉన్న పిల్లల గదికి దోమతెర, కిటికీలకు జాలీ సరైన ప్రత్యామ్నాయాలు. ద్రవరూపంలో కరెంటుతో పనిచేసే దోమల మందులలో పొగ ఉండదు గానీ, కొందరు పిల్లలకు ఆ ఆవిరి కూడా పడదు.

బడి గంట, బండ్ల గంట

బయటి గాలి విషయానికి వస్తే, పిల్లల దినచర్యా కాలుష్యపు దినచర్యా విచిత్రంగా ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. చలికాలపు రాత్రి నేల త్వరగా చల్లబడి, నేలను ఆనుకున్న గాలి చల్లగానూ దాని పైన ఉన్న పొర వెచ్చగానూ మారుతుంది. ఉష్ణోగ్రతా విలోమం అనే ఈ స్థితిలో వెచ్చని పొర మూతలా పనిచేసి పొగనూ ధూళినీ పైకి లేవనివ్వదు. ఎండ ముదిరి నేల కాగేదాకా ఆ మూత తెరుచుకోదు. సరిగ్గా ఆ వేళలోనే, ఏడున్నర తొమ్మిది గంటల మధ్య, ఆఫీసు బండ్లన్నీ రోడ్డెక్కుతాయి, వాటి మధ్యనే తలుపుల్లేని ఆటోలో పది మంది పిల్లలు, స్కూటరు ముందు భాగంలో నిలబడిన అయిదేళ్ల బిడ్డ, ముందున్న బస్సు పొగగొట్టానికి దాదాపు సమానమైన ఎత్తులో, సిగ్నలు పడేదాకా ఆగి ఉంటారు.

వాహనాల పొగ ఉబ్బసాన్ని రేపడంతో ఆగుతుందా, లేని ఉబ్బసాన్ని పుట్టిస్తుందా అన్నది శాస్త్రజ్ఞులు చాలాకాలం తర్కించిన ప్రశ్న. జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన అంచనా ప్రకారం, 2015లో ప్రపంచవ్యాప్తంగా పిల్లల్లో కొత్తగా వచ్చిన ఉబ్బసపు కేసులలో సుమారు 40 లక్షలు, అంటే 13 శాతం, నైట్రోజన్ డయాక్సైడ్‌తో ముడిపడినవే. భారతదేశం వాటా దాదాపు మూడున్నర లక్షలు. ఆ కేసులలో తొంభై శాతానికి పైగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పటికి పెట్టిన హద్దుకు లోబడి ఉన్న ప్రాంతాలలోనే తలెత్తాయన్నది అంతకన్నా కలవరపరిచే విషయం. ఆ సంస్థ 2021లో ఆ హద్దును ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాముల నుంచి 10కి దించింది. డీజిల్ పొగ కణాలు ఒంటరిగా హాని చేయడమే కాక, పుప్పొడి వంటి ఎలర్జీ కారకాలకు శరీరం చూపే ప్రతిస్పందనను కూడా పెంచుతాయని ప్రయోగశాలల్లో రుజువైంది. అంటే చెట్టు పుప్పొడికి మామూలుగా రెండు తుమ్ములతో సరిపెట్టుకునే బిడ్డ, రద్దీ రోడ్డు పక్కన అదే పుప్పొడికి ఆయాసపడవచ్చు.

వేసవికి వేరే శత్రువు ఉంది. వాహనాల నుంచి వచ్చే వాయువుల మీద తీక్షణమైన ఎండ పడినప్పుడు నేల మట్టంలో ఓజోన్ తయారవుతుంది. ఆకాశంలో ఎత్తున గొడుగై కాపాడే ఈ వాయువే ముక్కు దగ్గర శ్వాసనాళాలను కాల్చే మంటగా మారుతుంది, అది మధ్యాహ్నం దాటాక గరిష్ఠానికి చేరుతుంది. వేసవి శిబిరాలలో సాయంత్రపు ఆటను నాలుగింటికి మొదలుపెట్టే నిర్వాహకులకు ఈ సంగతి తెలియాలి.

విశాఖపట్నం సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవలసినది. కొండల మధ్య గిన్నెలా ఒదిగిన ఆ నగరంలో ఓడరేవు, చమురు శుద్ధి కర్మాగారం, ఉక్కు కర్మాగారం, ఆరుబయట గుట్టలుగా పోసే బొగ్గు, ఇనుప ఖనిజం అన్నీ జనావాసాల పొరుగునే ఉన్నాయి. పాత ఊళ్లో ఆరేసిన బట్టల మీద నల్లని పొడి కనిపించడం అక్కడివారికి తరాలుగా తెలిసిన బాధే. తెలంగాణ పల్లెలలోనైతే హార్వెస్టర్ కోతల తరువాత మిగిలే వరి కొయ్యకాళ్లను కాల్చడం ఏటేటా పెరిగి, పంజాబు పొగ గురించి చదివినవారికి తమ ఊరి పొలిమేరలోనే అది కనిపిస్తోంది.

కేంద్ర ప్రభుత్వం 2019లో ప్రారంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో విశాఖ, విజయవాడ, గుంటూరు సహా ఆంధ్రప్రదేశ్ నుంచి 13 నగరాలున్నాయి, తెలంగాణ నుంచి హైదరాబాద్, పటాన్‌చెరు, నల్లగొండ ఉన్నాయి. దక్షిణాది గాలికి ఢోకా లేదనేవారికి ఈ జాబితాయే సమాధానం. కానీ ఆ కార్యక్రమం నగరాల పనితీరును కొలిచేది ప్రధానంగా పీఎం 10తో. నిధులలో పెద్ద భాగం రోడ్డు దుమ్మును అణచడానికే ఖర్చయింది. రోడ్డు ఊడ్చే యంత్రాలు అవసరమే, కానీ పిల్లల ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోయే కణాలు పుట్టేది చీపురు అందని చోట, ఇంజన్లలో, బాయిలర్లలో, చెత్తకుప్పల మంటల్లో.

> "సంతృప్తికరం" ఎవరికి?
>
> 2015 నుంచి అమలులో ఉన్న భారత గాలి నాణ్యత సూచీలో 50 దాకా "మంచిది", 51 నుంచి 100 దాకా "సంతృప్తికరం". సూచీ 100 చూపిస్తుందంటే ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 ధూళి 60 మైక్రోగ్రాముల దాకా ఉండవచ్చు. ఒక రోజు సగటుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15. ఏడాది సగటుకు భారత ప్రమాణం 40 అయితే, ఆ సంస్థ హద్దు 5. ఉబ్బసం ఉన్న పిల్లల తల్లిదండ్రులు సూచీ రంగును కాక అంకెను చూడాలి. 100 దాటితే ఆ రోజు ఆరుబయట పరుగులు తగ్గించి, ఉపశమన ఇన్‌హేలర్‌ను బడిసంచిలో ఉంచాలి.

పండగలు పట్టుకున్న కాలం

దీపావళి ఆశ్వయుజ అమావాస్యకు, భోగి జనవరి నడిమికి వస్తాయి. రెండూ గాలి కదలని కాలంలోనే. పాత చీపుళ్లు, తాటాకులు, పిడకలు వేసిన భోగి మంట వేరు, ఇప్పుడు వీధి మలుపులో మోటారు సైకిల్ టైర్లు వేసి రగిలించే మంట వేరు. రబ్బరు కాలితే వెలువడే నల్లని పొగలో గంధకపు వాయువులు ఉంటాయి. ఉబ్బసం ఉన్నవారి శ్వాసనాళాలు గంధక డయాక్సైడ్ తగిలిన కొద్ది నిమిషాలకే బిగుస్తాయి, ఉబ్బసం లేనివారికి ఆ మోతాదు తెలియనైనా తెలియదు. పక్కింటి బిడ్డకు ఏమీ కాలేదు కదా అన్న పోలిక ఎందుకు పనికిరాదో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

> పాము బిళ్ళ మొదటిది
>
> పుణెలోని చెస్ట్ రీసెర్చ్ ఫౌండేషన్ 2016లో, పిల్లలు బాణసంచాను ఎంత దూరంలో పట్టుకుంటారో అంత దూరంలో పరికరాలుంచి పొగను కొలిచింది. అన్నిటికన్నా ఎక్కువ పీఎం 2.5 వెలువరించినది చప్పుడు లేని, నిప్పురవ్వ ఎగరని పాము బిళ్ళ. తరువాతిది వెయ్యి టపాకాయల దండ. పసిపిల్లలకు ప్రమాదం లేనిదని చేతికిచ్చే కాకరపువ్వొత్తి, చిచ్చుబుడ్డికన్నా ఎక్కువ పొగ చిమ్మింది. పెద్దలు పిల్లల కోసం ఎంచేది చప్పుడు, మంట తక్కువ ఉన్న వాటిని. పొగను ఎంచేవారు లేరు.

దాచుకునే మందు

2019 నాటి ప్రపంచ వ్యాధిభార అంచనాల ప్రకారం లోకంలోని ఉబ్బస రోగులలో సుమారు 13 శాతం భారతదేశంలో ఉంటే, ఉబ్బస మరణాలలో 42 శాతానికి పైగా ఇక్కడే జరుగుతున్నాయి. ఈ రెండు అంకెల మధ్య ఉన్న అగాధానికి చెడు గాలి ఒక కారణమైతే, వాడవలసిన మందును వాడకపోవడం మరొకటి.

ఇన్‌హేలర్ మందులు స్థూలంగా రెండు రకాలు. ఆయాసం వచ్చినప్పుడు బిగిసిన కండరాన్ని నిమిషాలలో సడలించేది ఉపశమన మందు. ఆయాసం లేని రోజుల్లో కూడా తీసుకుంటూ నాళాల వాపును తగ్గించేది నివారణ మందు. కాలుష్యం నిత్యం తగులుతూ ఉండే పిల్లలకు రెండోదే ప్రాణాధారం, కానీ ఎక్కువ ఇళ్లలో ఆపేసేది దానినే. ఇన్‌హేలర్‌కు అలవాటు పడిపోతారనీ, అది ఆఖరి మందనీ, ఆడపిల్ల అయితే సంబంధాలు రావనీ ఉన్న భయాలు తరాలుగా కొనసాగుతున్నాయి. బంధువులు వస్తున్నారంటే ఫ్రిజ్ మీది ఇన్‌హేలర్ అలమారలోకి పోతుంది. ఉపశమన మందైన సాల్బుటమాల్ మాత్ర ఒక్కోటి 2 మిల్లీగ్రాములైతే, అదే మందు ఇన్‌హేలర్ ఒక్క నొక్కుకు 100 మైక్రోగ్రాములు, అంటే మాత్రలో ఇరవయ్యో వంతు. ఒళ్లంతా తిరిగే మాత్రను నిశ్చింతగా మింగించి, చేరవలసిన చోటికే చేరే కొద్దిపాటి మందుకు భయపడటం వల్ల నష్టపోతున్నది పిల్లలే.

ఏటా జూన్‌లో మృగశిర కార్తె ప్రవేశించే నాడు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం కోసం దేశం నలుమూలల నుంచి వచ్చే వేల మందిలో చంకన పిల్లలతో నిలబడిన తల్లులు ఎందరో ఉంటారు. 1845 నుంచి ఇస్తున్నామని ఆ కుటుంబం చెప్పే ఆ మందు, బతికున్న చిన్న కొరమీను నోట్లో పెట్టి మింగించేది, ఉబ్బసాన్ని నయం చేస్తుందనడానికి శాస్త్రీయ రుజువు లేదు. అయినా రాత్రంతా వరసలో నిలబడే ఆ తల్లిని మూఢురాలనడం అన్యాయం. ఏళ్ల తరబడి నిద్రలేని రాత్రులు గడిపినవారు ఏ ఆశనైనా పట్టుకుంటారు. ఆ మందుకు కూడా 45 రోజుల పథ్యం ఉంది. అదీ తిండికే.

> బిడ్డ అడిగిన ప్రశ్న, సీసాతో చేసిన సాయం
>
> మందును కొలిచి చిమ్మే ఇన్‌హేలర్ 1956లో అమెరికాలో వచ్చింది. ఉబ్బసం ఉన్న పదమూడేళ్ల సూసీ మైసన్, జుట్టుకు చల్లుకునే స్ప్రే డబ్బాలా తన మందు ఎందుకు ఉండకూడదని తండ్రిని అడగడంతో, మందుల సంస్థ అధిపతి అయిన ఆయన ఆ పని చేయించారు. చిన్నపిల్లలకు ఇన్‌హేలర్‌తోపాటు స్పేసర్ అనే గొట్టం తప్పనిసరి. నొక్కిన మందు అందులో కొద్దిసేపు నిలిచి, బిడ్డ మామూలుగా ఊపిరి తీసుకున్నప్పుడు లోపలికి పోతుంది. అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున ఇన్‌హేలర్ మూతికి సరిపోయే రంధ్రం చేసి అతికించినా అది కొన్న స్పేసర్ అంత బాగా పనిచేస్తుందని దక్షిణాఫ్రికా వైద్యురాలు హెదర్ జార్, ఆమె సహచరులు 1999లో నిరూపించారు.

ఆగిన పొగ చెప్పిన సాక్ష్యం

గాలి బాగుపడితే పిల్లలు బాగుపడతారా అన్న సందేహానికి చరిత్ర కొన్ని చోట్ల అనుకోకుండా జవాబిచ్చింది. అమెరికాలోని యూటా లోయలో ఒక ఉక్కు కర్మాగారం కార్మిక వివాదం కారణంగా 1986 ఆగస్టు నుంచి పదమూడు నెలలు మూతపడింది. ఆర్డెన్ పోప్ అనే ఆర్థికశాస్త్రవేత్త ఆ లోయలోని ఆసుపత్రుల లెక్కలు తీసి చూస్తే, కర్మాగారం నడిచిన చలికాలాలలో బ్రాంకైటిస్, ఉబ్బసంతో చేరిన పిల్లలు, అది మూతపడిన చలికాలంలోకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ ఉన్నారు. ఊరు అదే, చలి అదే, ఆసుపత్రులు అవే. పొగ ఒక్కటే లేదు.

స్కాట్లండ్‌లో 2006లో బహిరంగ ప్రదేశాలలో పొగతాగడాన్ని నిషేధించారు. అంతకుముందు ఏటా అయిదు శాతం చొప్పున పెరుగుతున్న పిల్లల ఉబ్బసపు ఆసుపత్రి చేరికలు ఆ తరువాత ఏటా 18 శాతం చొప్పున తగ్గాయి. బయట కాల్చలేనివారు ఇంట్లో మరింత కాలుస్తారని భయపడినవారి అంచనా తప్పింది. ఇతరుల పొగ తప్పు అని ఒకసారి అందరూ ఒప్పుకున్నాక ఇళ్లలో కూడా పొగ తగ్గింది. దక్షిణ కాలిఫోర్నియాలో 1990ల నుంచి వేల మంది పిల్లలను ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చిన అధ్యయనంలో, వాహనాల నియమాలు బిగించి గాలి శుభ్రపడిన కొద్దీ తరువాతి తరం పిల్లల ఊపిరితిత్తులు ముందువారికన్నా బాగా ఎదిగాయి, ఉబ్బసం ఉన్నవారికి దగ్గు, తెమడ తగ్గాయి. భారతదేశంలోనూ 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్ 6 ప్రమాణాలతో ఇంధనంలో గంధకం పది లక్షల భాగాలకు 50 నుంచి 10 భాగాలకు తగ్గింది; పాత బండ్లు రోడ్డు మీద ఉన్నంతకాలం ఆ మేలు నెమ్మదిగానే అందుతుంది.

లండన్ తల్లి అడిగినది

ఆగ్నేయ లండన్‌లోని లూయిషమ్‌లో, సౌత్ సర్క్యులర్ అనే రద్దీ రహదారికి పాతిక ముప్ఫయి మీటర్ల దూరంలో ఎల్లా అడూ-కిస్సీ-డెబ్రా అనే బాలిక ఉండేది. 2010లో ఆమెకు దగ్గుతో మొదలైన ఉబ్బసం తీవ్రమై, మూడేళ్లలోపే పాతిక సార్లకు పైగా ఆసుపత్రిలో చేరి, 2013 ఫిబ్రవరిలో తొమ్మిదేళ్ల వయసులో ఆమె కన్నుమూసింది. 2014లో జరిగిన మొదటి విచారణ, తీవ్ర ఉబ్బసం వల్ల శ్వాస ఆగి మరణించిందని తేల్చి అక్కడితో ముగిసింది.

తల్లి రోసమండ్ అక్కడితో ఆగలేదు. ఎల్లా ఆసుపత్రిలో చేరిన రోజులనూ, దగ్గరలోని పర్యవేక్షక కేంద్రాలలో నమోదైన కాలుష్యాన్నీ పక్కపక్కన పెట్టి ఉబ్బస నిపుణుడు స్టీఫెన్ హోల్గేట్ 2018లో ఇచ్చిన నివేదిక ఆధారంగా, హైకోర్టు 2019లో పాత తీర్పును కొట్టివేసింది. 2020 డిసెంబరులో రెండో విచారణ ముగించిన కరోనర్, అంటే మరణ కారణాలను విచారించే న్యాయాధికారి, ఫిలిప్ బార్లో ఆ మరణంలో వాయు కాలుష్యానికి గణనీయమైన పాత్ర ఉందని తీర్పునిచ్చారు. ఆమె జబ్బుపడి ఉన్న కాలమంతా ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులను మించిన గాలినే పీల్చిందనీ, దానికి ప్రధాన మూలం వాహనాలేననీ, చట్టం ప్రకారం నైట్రోజన్ డయాక్సైడ్‌ను తగ్గించడంలో అధికారులు విఫలమయ్యారనీ ఆయన రాశారు.

తీర్పులో మరొక మాట ఉంది, అది తెలుగునాట ప్రతి పిల్లల వైద్యుడూ వినదగినది. ఉబ్బసాన్ని కాలుష్యం రేపుతుందన్న సంగతి ఎవరూ ఆ తల్లికి చెప్పలేదు. చెప్పి ఉంటే ఆమె తన బిడ్డను కాపాడుకోవడానికి తగిన చర్యలు తీసుకునేది, ఆ చర్యలు మరణాన్ని నివారించి ఉండేవేమో. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వానికి పంపిన నివేదికలో కరోనర్ దీన్నే మళ్లీ ఎత్తిచూపారు: దేశపు కాలుష్య హద్దులు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలకన్నా చాలా ఎక్కువగా ఉన్నాయి, గాలి నాణ్యత సమాచారం జనానికి చేరడం లేదు, వైద్యులు రోగులకూ వారి కుటుంబాలకూ ఈ ముప్పును తగినంతగా వివరించడం లేదు.

ఎల్లా మరణ ధ్రువపత్రాన్ని ఆ తీర్పు తరువాత తిరగరాశారు. మొదటి వరసలో తక్షణ కారణంగా తీవ్ర శ్వాస వైఫల్యం, రెండో వరసలో దానికి దారితీసినదిగా తీవ్ర ఉబ్బసం ఉన్నాయి. పాత తీర్పులో లేని మూడో వరసలో, "వాయు కాలుష్యానికి గురికావడం" అని ఉంది.